పొణికి ఆరేదాకా

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో క్రాఫ్ట్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నందిగామలోనే ఉంటున్నాను. పిల్లలకి మాత్రం నేనెప్పుడూ కుట్టు టీచర్నే. కూరగాయల మార్కెట్లో కనపడి "టీచర్, బాగున్నారా" అని పలకరించే ఆడపిల్లల చంకల్లో ఇప్పుడు వాళ్ల పిల్లలున్నారు.

మా తరం ఈ ఉద్యోగంలోకి రావాలంటే లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు పాసవ్వాలి. ఆపైన వేసవిలో 42 రోజుల శిక్షణ. హెమ్మింగు, గొలుసుకుట్టు, కాజా అన్నీ జానెడు గుడ్డముక్కల మీద కుట్టి, ఆల్బంలో అంటించి ఇవ్వాలి. తీరా బళ్లో చేరాక మన పీరియడు మధ్యాహ్నం ఆఖర్న ఉంటుంది. లెక్కల సిలబస్ వెనకబడితే ముందు ఎగిరిపోయేది అదే. మార్కులు లేని పనికి బళ్లో దక్కే మర్యాద అంత.

అలాంటి చేతిపనికి ఇప్పుడు ఉన్నట్టుండి గిరాకీ వచ్చింది. విజయవాడ, హైదరాబాదుల్లో ఆదివారం పూట టిక్కెట్టు పెట్టి మరీ మట్టి పిసికిస్తున్నారు. కలంకారీ ఒక పూట, బుట్టలల్లిక ఒక పూట. వెళ్లినవాళ్లు ఫొటోలు పెడుతున్నారు. నాకు సంతోషమే. ముప్పావుగంట పీరియడు కోసం హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డ మనిషికి సంతోషం కాక మరేముంటుంది? కాకపోతే ఆ పూటలో ఏం నేర్పుతున్నారు, ఏం నేర్పడం లేదు అన్నది నాకు వృత్తిరీత్యా పట్టింపు.

పాతకాలపు పనులను అద్దాల పెట్టెలో పెట్టి చూపించకుండా, చేసే మనిషి ఎదుటే కూర్చోబెట్టి నేర్పించే మ్యూజియాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఈ ఆలోచనకు పేరు తెచ్చింది స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలోని స్కాన్సెన్. ఆర్టుర్ హజీలియస్ అనే ఆయన 1891లో దాన్ని తెరిచాడు. దేశం నలుమూలల నుంచి పాత ఇళ్లను విప్పించి, తెచ్చి, ఒకచోట మళ్లీ కట్టించాడు. ఫ్యాక్టరీలు వచ్చి పల్లెల్లో పనులన్నీ ఒక్కొక్కటే పోతున్నాయన్నది ఆయన దిగులు.

మన దగ్గర ఆ తరహా చోటు అంటే చాలామందికి హైదరాబాద్ మాదాపూర్‌లోని శిల్పారామం గుర్తొస్తుంది. 1992 నాటి ఆలోచన అది. లోపల గ్రామీణ మ్యూజియం ఉంది. గుడిసెలు, వాటి ముందు నిలువెత్తు మట్టిమనుషులు: కుమ్మరి, సాలె, కమ్మరి. అచ్చం మనుషుల్లాగే ఉంటారు. అయితే ఏం లాభం, ఏదైనా అడిగితే చెప్పరు. మేళాలప్పుడు స్టాళ్లలో కూర్చునే కళాకారులే అక్కడ అసలు మ్యూజియం అని నా అభిప్రాయం.

నేను చూసినవాటిలో స్కాన్సెన్ పద్ధతికి దగ్గరగా ఉన్నది చెన్నై పక్కనున్న దక్షిణచిత్ర. మా పెద్దమ్మాయి చెన్నైలో ఉంటుంది కాబట్టి వెళ్లడం కుదిరింది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడు దగ్గర, సముద్రం వైపు పదెకరాల స్థలం. డెబొరా త్యాగరాజన్ అనే ఆవిడ 1984లో మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ పెట్టి, ఇళ్లు సేకరించి, 1996 డిసెంబరులో దీన్ని తెరిచారు. తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్రల నుంచి పాత ఇళ్లను విప్పి తెచ్చి నిలబెట్టారు. తెలుగువాళ్ల వైపు నుంచి ఒక చుట్టిల్లు ఉంది. తుపాను గాలి ఎటునుంచి వచ్చినా పట్టు దొరకకుండా పక్కకి జారిపోయేట్టు గుండ్రటి మట్టిగోడ, మీద కిందికి దిగిన తాటాకు కప్పు. అప్పటి నల్లగొండ జిల్లా కొయ్యలగూడెం నుంచి తెచ్చిన చేనేత ఇల్లు ఇంకొకటి.

ఆ చేనేత ఇంట్లో నిలబడితే నాకు చింతకింది మల్లేశం గుర్తొచ్చారు. ఆయన ఊరు కూడా ఆ చుట్టుపక్కలదే, ఆలేరు దగ్గర. పోచంపల్లి తరహా చీరకు రంగు అద్దేముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు ముందుకీ వెనక్కీ పోవాలి. ఇంట్లో ఆడవాళ్లే చేస్తారు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక మల్లేశం ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999లో యంత్రం తయారుచేశారు. తల్లి పేరే పెట్టారు, లక్ష్మి ఆసుయంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ కథ మనకు తెలుసు, సినిమా కూడా వచ్చింది. నేను చెప్పదలిచింది వేరే. చేనేత నేర్పుతామనే చోట్ల మనకిచ్చేది ఎప్పుడూ మగ్గమే. అప్పటికే పడుగు ఎక్కించి ఉంటుంది, కండెలు చుట్టి ఉంటాయి. మనం నాడె విసిరి నాలుగు పోగులు పేక వేస్తాం, బాగుందంటాం, లేస్తాం. ఆ తొమ్మిది వేల సార్లు తిరిగిన చెయ్యి మన కంటపడదు.

కుండ దగ్గరా అంతే. దక్షిణచిత్రలో కొంత రుసుము కడితే సారె ముందు కూర్చోనిస్తారు. కుమ్మరి ముద్ద వేసి, నడిమధ్యకు తెచ్చి, సారె తిప్పి, "చెయ్యి పెట్టండమ్మా" అంటాడు. మన వేళ్ల మీద ఆయన వేళ్లుంటాయి. ముద్ద లేస్తుంది, నోరు తెరుచుకుంటుంది, అంచు వాలుతుంది. దారంతో కోసి చేతిలో పెడతాడు. మా మనవరాలు తన కుండను చూసుకుని మురిసిపోయింది. నేనూ మురిసిపోయానుగానీ, ఆ కుండ నా చేతులది కాదని నాకు తెలుసు. ఆయన బొటనవేలు తీస్తే ముద్ద చక్రం దిగి గోడకు కొట్టుకునేది.

సారె మీద ఆట అయిదు నిమిషాలు. దాని వెనక పని ఎంతుందో మన మెట్ట ఊళ్లలో పెరిగినవాళ్లకు కొంచెం తెలుసు. ఎండాకాలం చెరువు ఎండాక మట్టి తవ్వి తేవాలి. ఆరబెట్టి, చితక్కొట్టి, నానబెట్టి, రాళ్లూ వేళ్లూ ఏరాలి. కాళ్లతో తొక్కాలి. బంకమట్టి ఒక్కటే అయితే ఆరేటప్పుడు పగులుతుంది, అందుకని సన్నటి ఇసుక కలపాలి. ఎంత కలపాలన్నది ఆ ఏటి మట్టిని బట్టి. తక్కువైతే బీట, ఎక్కువైతే సారె మీద గోడ నిలవదు. ఈ ఇసుకకు ఇంకో పని కూడా ఉంది. కాలిన కుండకు కంటికి కనపడని రంధ్రాలుండాలి. వాటిలోంచి నీళ్లు పైకి చెమ్మగా వచ్చి, ఆవిరవుతూ వేడి లాగేస్తేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. మే నెలలో నందిగామ ఎండకి కుండ నీళ్లు చల్లగా ఉన్నాయంటే, అది ఇసుక పాళ్లు, ఆవంలో సెగ రెండూ సరిగ్గా కుదిరినందువల్ల. సెగ మరీ మితిమీరితే రంధ్రాలు పూడుకుపోతాయి, కుండ గట్టిగా ఉంటుంది, నీళ్లు చల్లబడవు. కొనేటప్పుడు మా అమ్మ వేలితో కొట్టి చూసేది. ఏం చూస్తోందో నాకప్పుడు తెలియదు.

వర్క్‌షాపుల మీద నా ఫిర్యాదు ఇంతే. మనకు అమ్ముతున్నది పని చివరి అరగంట. పనితనం ఉన్నది దానికి ముందు.

మరి ముందున్న భాగం చూడాలంటే ఎక్కడికి పోవాలి? మాకైతే దూరం పోనక్కర్లేదు. నందిగామలో విజయవాడ బస్సెక్కి, కంచికచర్ల దాటి, ఇబ్రహీంపట్నంలో దిగితే పక్కనే కొండపల్లి. టిక్కెట్టు కౌంటరు లేని మ్యూజియం అది. బొమ్మలు చేసే వీధిలో నడుస్తుంటే అరుగుల మీద పనే కనపడుతుంది.

ఈ బొమ్మలు చేసేవాళ్లు ఆర్యక్షత్రియులు. తమ పెద్దలు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. అనవేమారెడ్డి పిలిపించాడని, పదహారో శతాబ్దమని ఒకే వాక్యంలో రాసిన పుస్తకాలు కనిపిస్తాయి. అనవేమారెడ్డి పద్నాలుగో శతాబ్దం వాడు. ఆ లెక్క తేల్చడం చరిత్రకారుల పని. నాకు కావలసింది ఆ అరుగు.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎనిమిదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లేదాన్ని. ఒక ఇంటివాళ్లతో ముందే మాట్లాడుకుని, రోజు పని పోయినందుకు ఇంతని ఇచ్చి. మొదట్లో ఆ ఇంటి పెద్దాయన అందరూ చేసేదే చేశాడు: తయారైన తెల్లబొమ్మలు, రంగులు, బ్రష్షులు ముందు పెట్టి "వెయ్యండి" అన్నాడు. పిల్లలు ఏనుగుకి గులాబిరంగు వేశారు. గోల గోల. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నేనే అడిగాను, "బాబాయిగారూ, వీళ్లకి అసలు కట్టె చూపించరాదా?" అని.

ఆయన నవ్వాడు. "రంగెవరైనా ఏస్తారమ్మా. కట్టె ఆరిందో లేదో చెప్పమను, చూద్దాం."

లోపలికెళ్లి రెండు ముక్కలు తెచ్చాడు. రెండూ తెల్లపొణికే. కొండపల్లి చుట్టుపక్కల అడవిలో పెరిగే చెట్టు. మెత్తన, తేలిక, ఉలికి ఎదురుతిరగదు. రెండు ముక్కలూ ఒకే కొలత, ఒకే రంగు. ఒకటి సెగ మీద ఆరబెట్టింది, ఇంకొకటి ఎండలో మాత్రం ఆరింది. ఏది పనికొస్తుందో చెప్పమన్నాడు. పిల్లలు చేతులు మారుస్తూ చూశారు. బరువు తేడా ఉందని కొందరు, లేదని కొందరు. గోళ్లతో గీకారు, వాసన చూశారు. ఒకడు నాకబోతే నేను ఆపాను. ఒక అమ్మాయి రెండు ముక్కల్నీ తీసుకుని చెరో చెంపకీ ఆనించుకుని కాసేపుంది. "ఇది చల్లగుంది. ఇది పచ్చిది" అంది.

"నీకెట్టా తెలుసే?" అన్నాడాయన.

"మా ఇంట్లో పత్తి ఇట్టాగే చూస్తారు తాతా."

మా వైపు పిల్లే మరి. పత్తిలో తేమ 12 శాతం దాటితే సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రంలో కొనరు. ఇంటిల్లిపాదికీ తేమ సంగతి తెలుసు. మిరప కల్లంలో కూడా అంతే, గుప్పెట్లో పట్టి గలగలా అంటోందా లేదా అని చూస్తారు. ఆ పిల్లకి బొమ్మల పని కొత్త కావచ్చు, తేమ కొత్త కాదు.

అక్కడినుంచి ఆయన తీరే మారిపోయింది. రంగుడబ్బాలు పక్కకు నెట్టేశాడు. చెట్టు కొట్టి, బెరడు తీసి, ముక్కలు కోసి, నీడలో ఎండలో ఆరనిచ్చి, ఆఖర్న సన్నటి సెగ మీద కాచడం అంతా చెప్పాడు. చెమ్మ మిగిలితే ఏమవుతుందో చూపించడానికి అటక మీద నుంచి ఓ పాత బొమ్మ దింపాడు. ఎడ్లబండి. ఎద్దు మెడ దగ్గర సన్నటి చీలిక, దాని చుట్టూ రంగు పెచ్చులు లేచి ఉంది. "ఇది తొందరపడి చేసింది. పండక్కి ఆర్డరు. కొన్నాయన మూడు నెలలకి తిరిగి తెచ్చాడు" అన్నాడు. ఆ బొమ్మను పారేయకుండా ఎందుకుంచారని ఒక పిల్లాడు అడిగితే, "మావాడికి చూపించడానికి" అన్నాడు. లోపల ఆయన కొడుకు ముసిముసిగా నవ్వుతున్నాడు.

కొండపల్లి బొమ్మ ఒకే కట్టె ముక్కలో చెక్కింది కాదు. ఇది చాలామందికి తెలియదు. ఎద్దు ఒళ్లు ఒకటి, కాళ్లు వేరు, కొమ్ములు వేరు, చెవులు వేరు. ఒళ్లు బాడిసతో చెక్కి, ఉలితో తీర్చి, ఆకురాయితో నునుపు చేస్తారు. విడిభాగాలు చేసి పెట్టుకుని, ఆ తర్వాత అతుకుతారు. అతికేది మక్కుతో. చింతగింజలు పొడికొట్టి, నీళ్లలో ఉడికించి జిగురు తీసి, అందులో రంపపు పొట్టు కలుపుతారు. అతకడానికీ అదే, ఎక్కడైనా లొట్ట పడితే పూడ్చడానికీ అదే. ఏనుగు తొండం వంపు, మనిషి ముక్కు లాంటివి కొన్ని ఆ మక్కుతోనే పెంచుతారు. ఆరాక మళ్లీ ఆకురాయి. పైన సుద్ద పూత. అప్పుడు రంగులు. మేక వెంట్రుకల కుంచెతో కళ్లు దిద్దడం ఆఖరి పని. ఇప్పుడు ఎక్కువగా ఎనామిల్ వాడుతున్నారు, అడిగినవాళ్లకు సహజ రంగులు. మెరుపు ఎనామిల్‌కే ఎక్కువ. నాకు మాత్రం ఆ మెరుపు నచ్చదు, కట్టె మీద ప్లాస్టిక్ తొడిగినట్టుంటుంది.

బాడిస పిల్లల చేతికివ్వనన్నాడు. సరైన మాటే. వేలు పోతుంది. మక్కు ఇచ్చాడు. ఎద్దు తలకి చెవి అతకమన్నాడు. చెవి అంటే చిటికెన గోరంత చీలిక. మక్కు ఎక్కువ పెడితే చెవి జారుతుంది, తక్కువ పెడితే ఊడుతుంది. పెట్టాక వేలు తీయడమే కష్టం, చెవి వేలికంటుకుని వచ్చేస్తుంది. వేలిని కొంచెం తడి చేసుకుని, పక్కకి జార్చి తీయాలి. ఎవరూ చెప్పలేదు, పిల్లలే కనిపెట్టారు. నాకు కాజా కుట్టేటప్పుడు దారానికి మైనం రాసుకోవడం ఇట్టాగే తెలిసింది. ఏ పుస్తకంలోనూ ఉండదది. ఉన్నా చదివితే రాదు.

వచ్చేటప్పుడు షాపులో దశావతారాల సెట్టు, అంబారీ ఏనుగు, తాటిచెట్టు గీతగాడు వరసగా పేర్చి ఉన్నాయి. పొద్దున్న వచ్చినప్పుడు వాటి రంగుల్నే చూసిన పిల్లలు సాయంత్రం ఒక్కొక్క బొమ్మనే తిరగేసి అడుగు చూడ్డం మొదలుపెట్టారు. అతుకు ఎక్కడుంది, మక్కు ఎక్కడ బయటికి కనపడుతోంది. షాపాయనకి ఒళ్లు మండింది. "ఏంది టీచర్, ఇన్‌స్పెక్షన్ కొచ్చారా?" అన్నాడు. పిల్లల్ని ఎందుకు తీసుకెళ్లానో దానికి ఫలితం దక్కిందని నాకు అనిపించింది అప్పుడే. బొమ్మ చేయడం వాళ్లకి రాలేదు. ఒక్క రోజులో రాదు. మంచి బొమ్మకీ మామూలు బొమ్మకీ తేడా ఎక్కడ వెతకాలో వచ్చింది.

జగ్గయ్యపేట వైపు వెళ్తే, పని ఎలా నేరుస్తారన్న మాట ఇంకోలా అర్థమవుతుంది. ఊరి పక్కన గుట్ట మీద ధనంబోడు స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. పేరున్న శిల్పాలు మద్రాసు మ్యూజియానికి పోయాయి, చక్రవర్తి మాంధాత ఫలకంతో సహా. మా ఊరి రాయిని చూడటానికి కూడా మేం చెన్నై రైలెక్కాలన్నమాట. అక్కడ దొరికిన శాసనం ఒకటి నాకు చాలా ఇష్టం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలనలో 20వ ఏట వేయించింది. వేయించినవాడు రాజూ కాదు, మంత్రీ కాదు. సిద్ధార్థుడనే పనివాడు. మహాచైత్యం, అంటే ఆ స్తూపం, తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు తన దానంగా నిలబెట్టించాడు. తండ్రి నాకచంద్రుడు, కమ్మకరాష్ట్రంలో నడతూరు అనే ఊళ్లో అదే వృత్తి. తల్లి, భార్య, కొడుకు, కూతురు, తమ్ముడు, మరదలు, వాళ్ల పిల్లలు, ఒక్కరిని వదలకుండా అందరి పేర్లూ రాయించాడు. దాదాపు పదిహేడు వందల ఏళ్ల కిందటి సంగతి. పనిచేసి బతికేవాడికి అయిదు రాతిస్తంభాలు దానమిచ్చే స్తోమత ఉందనీ, తండ్రి పని కొడుకు చేశాడనీ అందులో రాసి ఉంది.

తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే చోట ముందున్న భాగం దానంతటదే వచ్చేస్తుంది. పిల్లాడికి మొదట చెప్పేది అదే కదా: మట్టి తొక్కు, కట్టె ఆరబెట్టు, చింతగింజలు దంచు. ఏళ్ల తరబడి అదే. ఉలి చేతికొచ్చేసరికి కట్టె సంగతి చేతికి తెలిసిపోయి ఉంటుంది. వర్క్‌షాపు దాన్ని తలకిందులు చేసింది, ఆఖరి పని ముందు చేయిస్తుంది. తప్పు పట్టడం లేదు. డబ్బు కట్టి వచ్చినవాడిని చింతగింజలు దంచమంటే రెండోవాడు రాడు. అయితే ఆ పాత పద్ధతిని నెత్తిన పెట్టుకోవాలని కూడా నేననను. అందులో ఆడపిల్లకి రంగు దగ్గర చోటుండేదిగానీ ఉలి దగ్గర తక్కువ. ఆ కులంలో పుట్టనివాడికి అరుగే ఎక్కే వీల్లేదు. పొణికి ముక్కను చెంపకానించుకున్న మా పిల్ల ఆ కాలంలో ఆ ఇంటి గడప తొక్కేదా?

జగ్గయ్యపేటలోనే ఇంకో సంగతి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి విగ్రహాలకు రెండేళ్లకోసారి కొత్త రంగులు వేస్తారు. దానికోసం విగ్రహాలను ఊరేగింపుగా జగ్గయ్యపేటలోని రంగుల మండపానికి తీసుకొస్తారు. దారంతా జనం. రంగులు వేసిన తర్వాత మళ్లీ పెనుగంచిప్రోలు ప్రయాణం. తిరునాళ్ల ఎంత పెద్దదో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు, ఆ రంగు వేసే చేతుల గురించి మాత్రం ఎవరూ మాట్లాడుకోరు. కొత్త రంగుతో అమ్మవారు తిరిగొచ్చేటప్పుడు దణ్ణం పెట్టుకుంటాం. దణ్ణం పెట్టుకోవాల్సిందే. కుంచె పట్టిన మనిషి ఎవరి దగ్గర నేర్చాడు, తర్వాత ఎవరికి నేర్పుతున్నాడు అని బళ్లో పిల్లలు వెళ్లి అడిగి రాసుకొస్తే అదొక పాఠం. స్థానిక చరిత్ర అని సోషల్ మాస్టార్లు ఇచ్చే ప్రాజెక్టుల్లో నేనిది ఎప్పుడూ చూడలేదు.

ఈ మధ్య మా పాత స్కూలు హెడ్మాస్టరుగారు కబురుచేశారు. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా, ఊళ్లో వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, చిత్రకారుడు లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని ఉంది. ఆ పది రోజులూ ఎలా గడపాలో ఒక ప్లాను రాసివ్వమన్నారు. గాంధీగారు 1937లో వార్ధాలో చదువంతా చేతిపని చుట్టూ తిరగాలన్నారు. అది కాస్తా ఎనభై ఏళ్లు పైబడ్డాక పది రోజులకి కుదిరింది. పోనీ, పది రోజులైనా దక్కాయి.

ఆయన దగ్గర అప్పటికే ఒక ప్లాను ఉంది. ఒకరోజు కొండపల్లి, ఒకరోజు మంగళగిరి మగ్గాలు, ఒకరోజు పెడన కలంకారీ, ఇలా పది రోజులకి పది చోట్లు. బస్సు కూడా మాట్లాడారు. పదిచోట్లా పది చివరి అరగంటలు. నేను ఒప్పుకోలేదు. పది రోజులూ ఒకే అరుగు మీద గడపాలన్నాను. మొదటి రెండు రోజులు రంగు ఊసే వద్దు. కట్టె, చెమ్మ, సెగ. తర్వాత చింతగింజలు పిల్లలే దంచాలి, మక్కు వాళ్లే ఉడికించాలి, మాడితే మళ్లీ చేయాలి. ఆకురాయి పట్టుకోవడం రెండు మూడు రోజులు. అతుకు ఒక రోజు, ఆరడానికి ఒక రోజు. ఆ ఆరే రోజు ఊరికే కూర్చోకుండా పొణికి మొక్కల సంగతి తెలుసుకోవాలి, చెట్టు తగ్గిపోతోందని అక్కడ అందరూ మొత్తుకుంటున్నారు. సుద్ద, రంగు ఆఖర్న. ఒక్కో పిల్లకి ఒక్క బొమ్మ. అది వంకరగా ఉంటే వంకరగానే ఇంటికి పోవాలి, సరిచేసి ఇవ్వకూడదు.

"పిల్లలకి బోరు కొట్టదా టీచర్?" అన్నారు హెడ్మాస్టరుగారు. కొడుతుంది. నాలుగో రోజు ఆకురాయి పట్టుకున్న చెయ్యి పీకేటప్పుడు తప్పకుండా కొడుతుంది. ఆ విసుగును దాటడం కూడా పనిలో భాగమే. హెమ్మింగు నేర్పినదాన్ని కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. చీర అంచు అయిదున్నర మీటర్లు ఉంటుంది, మధ్యలో లేచిపోతే పైట కొస సగమే కుట్టినట్టు వేలాడుతుంది.

కొండపల్లి పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయనకీ షరతులున్నాయి. నలభైమందిని ఒక్కసారి తీసుకురావద్దు, ఆరుగురు చాలు, ఏడో పిల్లాడి చెయ్యి చూడటం తన వల్ల కాదన్నాడు. డిసెంబరులోగానీ జనవరిలోగానీ వద్దు, సంక్రాంతికి బొమ్మల కొలువులు పెట్టేవాళ్ల ఆర్డర్లుంటాయి, తలెత్తే తీరిక ఉండదు. దసరా ముందు కూడా కష్టమే. ఫిబ్రవరి అయితే ఖాళీ. రోజుకి ఇంతని ఆయన చెప్పిన డబ్బు మీద హెడ్మాస్టరుగారు బేరమాడబోతే నేను అడ్డుపడ్డాను. పిల్లలొచ్చిన పది రోజులూ ఆ ఇంట్లో బొమ్మ తయారుకాదు, ఆ నష్టం వాళ్లకి ఎవరిస్తారు? స్కూల్ నిధుల్లో కొంత, పాత విద్యార్థుల దగ్గర కొంత పోగుచేయాలని అనుకున్నాం. ఫిబ్రవరి దాకా ఆగి ఇవ్వచ్చు కదా అన్నారు హెడ్మాస్టరుగారు. ఆగడానికి వీల్లేదు. పిల్లల వంతు కట్టెకి ఇప్పుడే డబ్బు పంపమన్నాడు ఆ పెద్దాయన. ఇప్పుడు కొట్టిస్తేనే అప్పటికి ఆరుతుందట.